ఇంటి కంప్యూటర్‌లో లైనక్స్ వేసుకోవడం ఎలా? ముందు డి డ్రైవ్ సంగతి చూడండి

"అన్నా, మా లాప్‌టాప్‌కి విండోస్ 11 రాదంటోంది, లైనక్స్ వేసుకోవచ్చా?" ఈమధ్య నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కేమో టీపీఎం 2.0 (మెషీన్‌లో ఉండే భద్రతా చిప్పు) ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే కనీసం 8వ జనరేషన్‌ది కావాలి. 2016లో కొన్న లాప్‌టాప్ ఎంత బాగా పనిచేస్తున్నా ఆ లెక్కలో తప్పిపోతుంది. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకచోట రాస్తున్నాను.

వేసుకోవచ్చు. లైనక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే ఇంకో సిస్టమ్. ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. దానికి ముందు చేయాల్సిన పనికే ఒక ఆదివారం పడుతుంది. ఆ ఆదివారాన్ని ఎగ్గొట్టినవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు. నేనూ పట్టుకున్నాను, ఆ కథ కింద చెబుతాను.

లైనక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. ఏది మంచిదని వెతకడం మొదలుపెడితే నెల గడిచిపోతుంది. విండోస్ నుంచి వచ్చేవాళ్లకు లైనక్స్ మింట్ చాలు. కింద స్టార్ట్ మెనూ లాంటిది, పక్కన గడియారం, అన్నీ అలవాటైన చోటే ఉంటాయి. మింట్ 22 సిరీస్‌కు 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ ఎడిషన్ తీసుకోండి, 4 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. ఈ వ్యాసంలో టెర్మినల్ కమాండ్లు (టైపు చేసి ఇచ్చే ఆదేశాలు) ఒక్కటీ లేవు, కావాలనే.

ఎవరు మారకూడదు

మీ పని కింది వాటిలో దేనిమీదైనా ఆధారపడి ఉంటే విండోస్‌ను పూర్తిగా తీసేయకండి.

- అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్లు. ఆ పాత ఫైళ్లు యూనికోడ్‌వి కావు, లైనక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి.
- ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు. దానికి లైనక్స్ వెర్షన్ లేదు.
- డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి జీఎస్టీ, ఆదాయపన్ను రిటర్నులు వేసేవాళ్లు. కొన్ని టోకెన్లకు లైనక్స్ డ్రైవర్లు ఉన్నాయి కానీ ఆఖరి తేదీనాడు వాటితో కుస్తీ పట్టే ధైర్యం నాకైతే లేదు.
- వేలిముద్రల మెషీన్ పెట్టుకుని సేవా కేంద్రం నడిపేవాళ్లు.
- ఫొటోషాప్, ఆటోక్యాడ్ లేకపోతే గడవనివాళ్లు, వాలరెంట్ ఆడే పిల్లలున్నవాళ్లు.

వీళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు, ఆ దారి 6వ మెట్టులో ఉంది. బ్రౌజర్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, పిల్లల జూమ్ క్లాసులు, నెట్ బ్యాంకింగ్, అడపాదడపా ఒక ఉత్తరం టైపు చేయడం, ఇంతే అయితే నిశ్చింతగా మారండి.

కావాల్సినవి

- 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్ డ్రైవ్. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.
- ఫొటోలూ ఫైళ్లూ అన్నీ పట్టే బయటి హార్డ్ డిస్క్. స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకున్నా పర్లేదు.
- దాదాపు 3 జీబీ డౌన్‌లోడ్‌కి నెట్. రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాక్‌తో మధ్యలో ఆగుతుంది, వైఫై ఉన్న ఇంటికి వెళ్లండి.
- లాప్‌టాప్ అయితే చార్జర్. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్, లేదంటే కరెంటు పోని వేళ చూసుకోండి.
- దగ్గర్లో ఒక ఫోను. ఏదైనా ఆగిపోతే వెతకడానికి, నెట్ లేకపోతే నెట్ ఇవ్వడానికి.

మీ మెషీన్‌లో ఇంకా పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ఒక మాట. మీరు నెమ్మది అంటున్నదానికి సగం కారణం అదే. ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) కొని అందులో లైనక్స్ వేసి, పాత డిస్క్‌ను విండోస్‌తో సహా తీసి బీరువాలో పెట్టండి. నచ్చకపోతే మళ్లీ అది బిగిస్తే సరి. ఇంతకంటే భద్రమైన పద్ధతి నాకు తెలీదు.

1. ఫైళ్లు బయటికి తీయండి

మా అక్కావాళ్ల లాప్‌టాప్‌కి లైనక్స్ వేసినప్పుడు నేను అడిగాను, "ఫొటోలు ఎక్కడున్నాయే?" అని. "అన్నీ డి డ్రైవ్‌లోనే పెట్టాం కదరా, ఫార్మాట్ కొట్టినప్పుడల్లా అవి అలాగే ఉంటాయి, ఏం కాదులే" అంది. షాపులో విండోస్ వేయించినప్పుడల్లా సి మాత్రమే పోవడం, డి మిగలడం నిజమే. నేనూ ఆ ధీమాతోనే డిస్క్ ఎరేజ్ నొక్కాను. మనకు సి, డి అని రెండు కనిపించినా లోపల ఉన్నది ఒకే డిస్క్. ఎరేజ్ అంటే మొత్తం పోతుంది. గృహప్రవేశం ఫొటోలు పోయాయి. ఫోటోరెక్ అనే ప్రోగ్రాంతో నాలుగు రాత్రులు కూర్చుంటే చాలావరకు దొరికాయి గానీ, పేర్లు పోయి అంకెల పేర్లతో, ఏది ఏ ఫంక్షనో తెలీకుండా కలిసిపోయి వచ్చాయి. అక్క ఇప్పటికీ ఏ ఫోల్డర్ తెరిచినా నావైపు ఒకసారి చూస్తుంది.

కాబట్టి ముందు విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్ 0 అన్న ఒకే వరసలో సి, డి రెండూ ఉంటే అవి ఒకే డిస్క్ ముక్కలు. రెండింటిలో ఉన్నవీ బయటికి కాపీ చేసుకోవాలి.

డెస్క్‌టాప్ మీద పెట్టినవి, డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఆధార్, మార్కుల మెమోల పీడీఎఫ్‌లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, ఇవే ఎక్కువగా మర్చిపోయేవి.

కాపీ అయిందని ఊరుకోకండి. అసలు ఫోల్డర్ మీదా, కాపీ మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య చూడండి, రెండూ సమానంగా ఉండాలి. తర్వాత ఆ హార్డ్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి అక్కడో ఫొటో, ఇక్కడో వీడియో తెరిచి చూడండి.

2. విండోస్‌లో రెండు తాళాలు తీయండి

మొదటిది డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్క్‌కు వేసే తాళం. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనో బిట్‌లాకర్ అనో ఉంటే, ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. విండోస్‌ను ఉంచుకునేవాళ్లు ఎన్‌క్రిప్షన్ ఆపేసి, పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగండి.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్ల సెట్టింగ్‌లో దాని టిక్ తీసేయండి. ఇది ఆన్‌లో ఉన్నంతకాలం షట్ డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లైనక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయడానికి వీలవ్వదు.

3. పెన్ డ్రైవ్ తయారు చేయండి

లైనక్స్ మింట్ అసలు సైట్ నుంచే ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేయడానికి కావాల్సినదంతా ఉన్న ఒకే ఫైలు) దించుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు వద్దు. దాన్ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం కూడా దాని సొంత సైట్ నుంచే తెచ్చుకోండి.

రూఫస్‌లో పెన్ డ్రైవ్‌ను, ఐఎస్ఓను ఎంచుకున్నాక సెలెక్ట్ బటన్ పక్కన ఒక టిక్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే షా256 అని 64 అక్షరాల పొడవాటి వరస వస్తుంది. మింట్ సైట్‌లో ఇచ్చిన వరసతో సరిపోవాలి. మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది కలిస్తే డౌన్‌లోడ్ చెడిపోలేదని నమ్మొచ్చు. తేడా ఉంటే మళ్లీ దించుకోండి. ఈ ఒక్క నిమిషం పని మానేసి, మధ్యలో ఇన్‌స్టాల్ ఆగిపోయిందని లైనక్స్‌ను తిట్టినవాళ్లను చాలామందిని చూశాను.

మిగతా సెట్టింగ్‌లు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి స్టార్ట్ నొక్కండి. బాగా పాత డెస్క్‌టాప్ అయితే పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్ పెట్టండి. రూఫస్‌తో కుదరకపోతే బలీనా ఎచర్ వాడండి. ఐఎస్ఓను మామూలుగా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే మాత్రం బూట్ అవదు, అంటే కంప్యూటర్ దాని నుంచి మొదలవదు.

4. పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేయండి

కంప్యూటర్ ఆన్ చేయగానే ఒక కీ టపటపా నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసూస్ లాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఏసర్‌కు ఎఫ్12 కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2 నొక్కి బయాస్‌లోకి (విండోస్ రాకముందే వచ్చే మెషీన్ సెట్టింగ్‌ల తెర) వెళ్లి ఎఫ్12 బూట్ మెనూను ఎనేబుల్ చేస్తేనే పనిచేస్తుంది.

కీ టైమింగ్ కుదరడం లేదా? విండోస్‌లోనే షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర మీద యూజ్ ఏ డివైస్ అని వస్తుంది, అందులో పెన్ డ్రైవ్‌ను ఎంచుకోండి.

మెనూలో మొదటి వరస, స్టార్ట్ లైనక్స్ మింట్, ఎంచుకుంటే డెస్క్‌టాప్ వస్తుంది. తెర నల్లగా ఉండిపోతే రీస్టార్ట్ చేసి కంపాటిబిలిటీ మోడ్ వరస ఎంచుకోండి.

5. వేయకముందే వాడి చూడండి

ఇప్పుడు మీరు చూస్తున్నది పెన్ డ్రైవ్‌లోంచి నడుస్తున్న లైనక్స్. మీ డిస్క్‌ను ఇంకా ముట్టుకోలేదు. తొందరపడి డెస్క్‌టాప్ మీది ఇన్‌స్టాల్ గుర్తు నొక్కకండి. వైఫై కలుస్తుందా, యూట్యూబ్‌లో పాట పెడితే శబ్దం వస్తుందా, కెమెరా పనిచేస్తుందా, టచ్‌ప్యాడ్ రెండు వేళ్లతో జరుగుతుందా, వెలుగు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తుందా, ప్రింటర్ తీగ పెడితే గుర్తిస్తుందా, అన్నీ చూడండి. పెన్ డ్రైవ్ కాబట్టి కాస్త నెమ్మదిగానే ఉంటుంది, అసలు వేగం ఇది కాదు. మీరు చేసిన మార్పులు కూడా రీస్టార్ట్‌తో పోతాయి.

వైఫై కనబడకపోతే కంగారు లేదు. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులకు తర్వాత డ్రైవర్ మేనేజర్ నుంచి డ్రైవర్ వేసుకోవాల్సి వస్తుంది.

ప్రింటర్ గురించి ఒక హెచ్చరిక. ఈమధ్యవి చాలావరకు వాటంతటవే పనిచేస్తాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివాటికి అదనపు ప్లగిన్ కావాలి, హెచ్‌పీ టూల్‌బాక్స్ ప్రోగ్రాం వేసుకుంటే అదే అడిగి తెచ్చుకుంటుంది. మన దగ్గర ఎక్కడ చూసినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లైనక్స్‌లో మొండిది. అది మీ ఇంట్లో రోజూ పనిచేసే ప్రింటర్ అయితే విండోస్‌ను పక్కన ఉంచుకోండి.

6. ఇన్‌స్టాల్ చేయండి

ఇన్‌స్టాల్ గుర్తు మీద డబుల్ క్లిక్. భాషల జాబితాలో తెలుగూ ఉంటుంది కానీ మొదటిసారికి ఇంగ్లిషే పెట్టుకోండి. ఏదైనా తప్పు వస్తే ఇంగ్లిషు సందేశాన్ని వెతికితేనే జవాబులు దొరుకుతాయి. కీబోర్డ్ ఇంగ్లిష్ యూఎస్. మల్టీమీడియా కోడెక్స్ దగ్గర టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు.

సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే బయాస్ రక్షణ) ఆన్‌లో ఉంటే ఇక్కడ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఎనిమిది అక్షరాలది పెట్టి రాసుకోండి. రీస్టార్ట్ తర్వాత ఒక నీలం తెర వచ్చి కొద్ది సెకన్లే ఆగుతుంది. అందులో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెరను వైరస్ అనుకుని కంప్యూటర్ ఆపేసినవాళ్లు ఉన్నారు.

తర్వాత వచ్చేది అసలు ప్రశ్న. ఇక్కడ మెల్లగా చదవండి.

- ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్ విండోస్: రెండూ ఉంటాయి. మధ్యలో ఉన్న గీతను జరిపి ఎవరికెంత జాగా అన్నది పంచండి. లైనక్స్‌కు కనీసం 20 జీబీ కావాలి, హాయిగా ఉండాలంటే 100 జీబీ ఇవ్వండి.
- ఎరేజ్ డిస్క్: సి, డి, కంపెనీవాళ్లు ఇచ్చిన రికవరీ భాగం, అన్నీ పోతాయి. ఎన్ని డిస్క్‌లు ఉన్నాయో, ఏది ఎంపికై ఉందో సైజును బట్టి చూసుకోండి. బయటి బ్యాకప్ డిస్క్‌ను ఈ సమయానికి తీసేసి పక్క గదిలో పెట్టండి.
- సమ్‌థింగ్ ఎల్స్: డి డ్రైవ్‌ను అలాగే ఉంచి సి స్థానంలో లైనక్స్ వేయాలనుకునేవాళ్లకు. పార్టిషన్లంటే ఏంటో తెలిసినవాళ్లు పక్కన ఉంటేనే చేయండి.

మొదటి ఆప్షన్ అసలు కనిపించలేదనుకోండి. "పోనీ ఇదే ఉంది కదా" అని ఎరేజ్ నొక్కకండి. బిట్‌లాకర్ ఇంకా ఆన్‌లో ఉండొచ్చు, ఫాస్ట్ స్టార్టప్ తీయకపోయి ఉండొచ్చు, లేదా బయాస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో ఉండొచ్చు. మొదటి రెండూ విండోస్‌లోకి వెళ్లి సరిచేసి రండి. మూడోది నేరుగా ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చేస్తే విండోస్ లేవకుండా పోవచ్చు, తెలిసినవాళ్లతో చేయించండి.

ఇన్‌స్టాల్ నౌ నొక్కాక డిస్క్‌లో ఏమేం మారుతుందో ఒక జాబితా చూపించి చివరిసారి అడుగుతుంది. కంటిన్యూ నొక్కేదాకా ఏదీ చెరగదు. నేను ఆనాడు చదవకుండా నొక్కింది ఈ పెట్టెనే.

టైమ్ జోన్ కోల్‌కతా. పేరు, పాస్‌వర్డ్. ఈ పాస్‌వర్డ్ ప్రతి సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడూ అడుగుతుంది కాబట్టి ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. అయిపోయాక రీస్టార్ట్ చేస్తే పెన్ డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కమని ఒక వాక్యం వచ్చి ఆగుతుంది. హ్యాంగ్ కాలేదు, ఎంటర్ కోసం చూస్తోంది.

7. మొదటి రోజు పనులు

మొదటిసారి తెరవగానే వెల్‌కమ్ కిటికీ వస్తుంది. అందులో ఫస్ట్ స్టెప్స్ వరసగా చేయండి. డ్రైవర్ మేనేజర్, అప్‌డేట్ మేనేజర్, ఆ తర్వాత టైమ్‌షిఫ్ట్. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌కు ఫొటో తీసి పెట్టినట్టు, ఏ అప్‌డేటైనా తేడా చేస్తే నిన్నటి స్థితికి వెనక్కి తెస్తుంది. మీ సొంత ఫైళ్లను మాత్రం అది దాచదు.

సాఫ్ట్‌వేర్ కావాలంటే ముందు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకండి. పాత అలవాటుతో గూగుల్‌లో వెతికి ఎగ్జీ ఫైలు దించుకుని డబుల్ క్లిక్ చేసి "ఏమీ రావట్లేదు" అనేవాళ్ల ఫోన్లు నాకు వారానికొకటి వస్తాయి. అవి విండోస్‌వి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటాయి, ఫాంటు మారి ఒక పేజీ ఉత్తరం రెండో పేజీకి పాకొచ్చు. ఎవరికైనా పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. ఓటీటీలో సినిమా ఆడకపోతే ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో డీఆర్‌ఎం కంటెంట్ దగ్గర టిక్ ఉందేమో చూడండి.

8. తెలుగు

చదవడానికి ఇబ్బంది ఉండదు. "రాష్ట్రం, స్వాతంత్ర్యం, లక్ష్మి" అని ఎక్కడైనా చూడండి, ఒత్తులు అక్షరం కిందికి సరిగ్గా చేరితే బాగున్నట్టే. తెలుగువిజయం అనే ఫాంట్ల ప్యాకేజీ వేసుకుంటే మండలి, గిడుగు, రామభద్ర లాంటి అందమైన ఫాంట్లన్నీ ఒకేసారి వస్తాయి.

టైపింగ్‌కు రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రభుత్వం పెట్టిన కీబోర్డ్ అమరిక) వచ్చినవాళ్లు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ల దగ్గర తెలుగు చేర్చుకుంటే చాలు. ఇంగ్లిషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో రావాలనుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ (టైపింగ్ పద్ధతులు మార్చే ప్రోగ్రాం), ఐబస్ ఎం17ఎన్ వేసుకోవాలి. (మల్టీలింగ్వలైజేషన్ అనే ఇంగ్లిషు మాటలో ఎం, ఎన్‌ల మధ్య 17 అక్షరాలున్నాయని ఆ పేరు.) ఇన్‌పుట్ మెథడ్‌గా ఐబస్‌ను ఎంచుకుని, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్ గానీ ఐట్రాన్స్ గానీ చేర్చండి, రెండూ ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతులే. తెలుగు రావట్లేదనే పదిమందిలో తొమ్మిదిమంది లాగౌట్ చేయకుండా వదిలేసినవాళ్లే.

ఇవి జరిగితే

*ఆన్ చేస్తే నేరుగా విండోసే వస్తోంది.* లైనక్స్ పోలేదు. బయాస్‌లో బూట్ ఆర్డర్‌లో ఉబుంటు అనే పేరు పైకి తేండి. మింట్ ఉబుంటు మీద కట్టింది కాబట్టి అక్కడ ఆ పేరే కనిపిస్తుంది.

*విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంది.* లైనక్స్ లోపలి గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్ని మన సమయమనుకుంటుంది. విండోస్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కండి.

*విండోస్ రికవరీ కీ అడుగుతోంది.* 2వ మెట్టులో కాగితం మీద రాసుకున్న 48 అంకెలు.

*విండోస్‌కే తిరిగి పోవాలనిపిస్తోంది.* పోండి, తప్పేం లేదు. లాప్‌టాప్‌తోపాటు వచ్చిన విండోస్ అయితే లైసెన్సు సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది, అదే ఎడిషన్ మళ్లీ వేసుకుంటే తనే యాక్టివేట్ అవుతుంది.

రెండూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లు నెలరోజులు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. విండోస్‌లోకి వెళ్లాల్సి వచ్చిన ప్రతిసారీ ఎందుకు వెళ్లారో ఒక మాట రాయండి. మా అక్కావాళ్ల కాగితం మీద నెలాఖరుకు "ప్రింటర్" అని మూడుసార్లు, "బావగారి అలవాటు" అని ఒకసారి ఉంది. పెన్ డ్రైవ్‌ను మాత్రం ఫార్మాట్ కొట్టకుండా, మింట్ అని చీటీ అతికించి, రికవరీ కీ రాసిన కాగితంతో కలిపి ఒకే కవర్లో ఉంచండి.